తొట్టికొచ్చిన ఇంటిపేరు

ఇంటిపేర్ల మీద మన తెలుగువాళ్లకున్న మమకారం ఇంతా అంతా కాదు. ఊరి పేరు ఇంటిపేరవుతుంది, చేసే పని ఇంటిపేరవుతుంది, చెట్టూ చేమా కూడా ఇంటిపేర్లవుతాయి. పెళ్లి సంబంధం మాట ఎత్తగానే మొదట అడిగేది ఇంటిపేరే. కానీ ఒక ఇంటిపేరు పోయి పోయి స్నానాల తొట్టికి పేరైపోవడం మీరెప్పుడైనా విన్నారా?

జకూజీ అనే మాట వినే ఉంటారు. పెద్ద హోటళ్ల ప్రకటనల్లో, సినిమావాళ్ల ఇళ్ల ఫోటోల్లో కనిపిస్తుంది. నీళ్లు వేడిగా ఉంటాయి, గోడల్లోంచి బుడగలతో సహా జోరుగా వచ్చి ఒంటికి తగులుతుంటాయి. అది ఏ జపాను మాటో అయివుంటుందని చాలాకాలం అనుకున్నాను. కాదట. ఇటలీ నుంచి అమెరికాకు కూలిపనికి వెళ్లిన ఒక సంసారం ఇంటిపేరట అది. ఈ సంగతి నాకు తెలిసింది పుస్తకాల షాపులో కాదు, ఒక పెరట్లో, మోకాళ్ల మీద వంగుని టార్చిలైటు పట్టుకున్నప్పుడు.

ఆమధ్య కాలిఫోర్నియాలో ఉన్న మా చెల్లెలింటికి వెళ్లాను. వాళ్లు ఆ ఇల్లు కొన్నప్పుడు పాత యజమాని వెనక పెరట్లో ఒక వేడినీళ్ల తొట్టి వదిలేసి వెళ్లాడు. మొదట్లో పిల్లలు దిగి ఆడుకున్నారు. తర్వాత వాళ్లకు మొహం మొత్తింది. ఇక తీయించేద్దామనుకుంటున్న సమయానికి చెల్లెలి అత్తగారు ఊరి నుంచి వచ్చారు. ఆవిడకి కీళ్లవాతం. పొద్దున్నే మంచం దిగాలంటే పది నిమిషాలు పట్టేది. ఒకరోజు మనవరాలు బలవంతాన తొట్టిలో కూర్చోబెట్టింది. ఆ రాత్రి ఆవిడ మూలగకుండా నిద్రపోయారు. అప్పట్నుంచి సాయంత్రం దీపం పెట్టగానే ఆ తొట్టి ఆవిడదే.

నేను వెళ్లిన మూడోనాడు తొట్టి పక్కన నేల తడిగా కనిపించింది. చెక్కపలక తీసి చూస్తే పంపు కింద బొట్టు బొట్టుగా నీరు. మనిషిని పిలిస్తే, వచ్చి ఒక్క చూపు చూసి, “పంపు మొత్తం మార్చాల్సిందే” అని అంకె చెప్పాడు. ఆ డాలర్లని మనసులోనే రూపాయల్లోకి మార్చుకుని నేను కుర్చీలో కూలబడ్డాను. అత్తగారు వెంటనే, “నాకేం వద్దమ్మా, ఇన్నాళ్లూ తొట్టి ఉండి బతికానా?” అనేశారు. మన ఆడవాళ్లు తమ కోసం ఖర్చు అనగానే అనే మొదటి మాట అదే కదా.

మా చెల్లెలు మాట్లాడలేదు. ఆ మనిషి వెళ్లాక, “అక్కా, కారేది పంపు కాదు, దాంట్లో ఒక చిన్న సీలు. అది మారిస్తే చాలు. నేనే మారుస్తా. నువ్వు లైటు పట్టుకో” అంది. సీలు పోస్టులో రావడానికి నాలుగురోజులు పట్టింది. ఆ నాలుగురోజులూ నాకు పని లేక, ఈ తొట్టి పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ కూర్చున్నాను.

ఉత్తర ఇటలీలో ఫ్రియులీ అనే ప్రాంతం, అందులో కసార్సా అనే ఊరు. అక్కడ జొవాన్ని, తెరేసా దంపతులకు పదముగ్గురు సంతానం. ఏడుగురు కొడుకులు, ఆరుగురు కూతుళ్లు. వాళ్ల ఇంటిపేరు ఇటలీ పలుకుబడిలో యాకుజ్జి, అమెరికా వెళ్లాక జకూజీ. 1907 నుంచి ఒకరి వెనక ఒకరుగా కొడుకులు కాలిఫోర్నియా చేరారు. పెద్దవాడు రాకెలేకి యంత్రాలంటే పిచ్చి. ఆకాశంలో విమానాలు కొత్తగా ఎగురుతున్న రోజులవి. అతని కన్ను విమానాల ముందు తిరిగే చెక్క రెక్కల మీద పడింది. 1915లో అన్నదమ్ములు బర్క్‌లీలో ఒక కార్ఖానా పెట్టి ఆ రెక్కలు చెయ్యడం మొదలెట్టారు. కొన్నాళ్లకి సొంతంగా విమానమే కట్టారు, మనుషులు లోపల కూర్చోడానికి మూసిన గది ఉన్న విమానం.

1921 జులై 14న ఆ విమానం మొడెస్టో అనే ఊరి దగ్గర కూలిపోయింది. లోపలున్న నలుగురూ పోయారు. వాళ్లలో ఒకడు జొకొందో, అన్నదమ్ముల్లో ఒకడు. తల్లి తెరేసా ఇక విమానాల మాట ఎత్తవద్దంది. మిగిలిన ఆరుగురు కొడుకులూ ఆ మాటకి తలొంచారు. ఆ వ్యాపారంలో తర్వాత ఎన్ని లక్షలు వచ్చేవో ఎవరు చెప్పగలరు? ఆ తల్లికి లెక్క ఒక్కటే, తన పిల్లలు నేలమీద ఉండాలి.

నేలమీద ఉండమంది. వాళ్లు నేల లోపలికి దిగారు! ఆకాశం వదిలి బావుల మీద పడ్డారు. బావినీళ్ల సంగతి మనకి కొత్తా? మోట, ఏతం, కపిలె, గిలకా చేదా అన్నీ మనం ఎరిగినవే. పంపుతో తోడాలంటే మాత్రం ఒక చిక్కుంది. పైన పంపు పెట్టి ఎంత పీల్చినా నీరు దాదాపు 33 అడుగులకి మించి పైకి రాదు. నిజానికి పంపు నీటిని లాగదు. పంపు గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలి బరువు నీటిని పైకి నెడుతుంది. ఆ గాలికున్న బరువే అంత. 1643లో ఇటలీవాడే, టొరిచెల్లి, పాదరసంతో ఈ గుట్టు విప్పాడు. మరి అంతకన్నా లోతు బావుల సంగతేమిటి? 1926లో రాకెలే జకూజీ దానికొక ఉపాయం పట్టుకున్నాడు. పంపు పైనే ఉంటుంది. అది తోడిన నీటిలో కొంత మళ్లీ కిందికి పంపి, సన్నటి మూతిలోంచి జోరుగా చిమ్మిస్తారు. ఆ చిమ్మే ధార తన పక్కనున్న నీటిని కూడా వెంటేసుకుని పైకి లేస్తుంది. కదిలే భాగం ఏదీ బావిలో దిగాల్సిన పనిలేదు. మనవాళ్లు జెట్ పంపు అని పిలిచేది దీన్నే. జకూజీలకు అన్నం పెట్టింది ఆ పంపే, తొట్టి కాదు.

ఇంతలో సీలు వచ్చింది. మా చెల్లెలు మొదట ఇంటి గోడమీదున్న కరెంటు బోర్డులో తొట్టి తాలూకు స్విచ్చి కట్టేసింది. అక్కడ ఆ తొట్టికి వచ్చేది 240 వోల్టుల కరెంటు, ఆటలు కాదు. మోటారు మీద బుడిపెలా ఉండే కెపాసిటర్ కరెంటు తీసేశాక కూడా కొంతసేపు షాకు దాచుకుని ఉంటుందట. దాని జోలికి పోవద్దని నన్ను ముందే హెచ్చరించింది. తర్వాత పంపుకి అటూ ఇటూ ఉన్న కవాటాలు మూసింది. గొట్టాల మధ్య చేత్తో తిప్పే పెద్ద మరలు విప్పింది. నాలుగు బోల్టులు తీసేసరికి పంపు ముందు భాగం ఊడి వచ్చింది.

లోపల ఏముందో అని ఎంతో ఊహించుకున్నాను. చూస్తే ఒక రెక్కల చక్రం, అంతే. “కవ్వమే కదే ఇది!” అన్నాను. నిజంగా అదే సూత్రం. కవ్వం జోరుగా తిప్పితే మజ్జిగ మధ్యలోంచి అంచులకి పోయి, కుండ గోడ పట్టుకుని పైకి లేస్తుంది చూశారా? ఆ అంచున ఒక దారి తెరిచిపెడితే ధారగా బయటకి పోతుంది. మధ్యలో ఖాళీ పడ్డచోటికి కొత్త నీరు వస్తుంది.

ఈ కవ్వాన్ని పంపుగా మలచిన పాతవాళ్లలో దెని పాపిన్ అనే ఫ్రెంచి వైద్యుడు ఒకడు. 1689లో ఆ సంగతి అచ్చువేశాడు. ఈయన మన వంటింటికి దూరపు చుట్టం కూడా. 1679లో ఎముకల్ని సైతం మెత్తగా ఉడికించే మూతబిగింపు పాత్ర చేసింది ఈయనే. మన ప్రెషర్ కుక్కరుకి తాత అన్నమాట, పేలిపోకుండా ఆవిరి వదిలే బరువుతో సహా. ఇన్ని చేసిన మనిషి చివరి రోజులు లండనులో బీదరికంలో గడిపాడు. రెక్కలు తిన్నగా ఉండాలా వంపుగా ఉండాలా అన్న తగవు తేలడానికి మరో నూట అరవై ఏళ్లు పట్టింది. 1851లో లండను క్రిస్టల్ పాలెస్ ప్రదర్శనలో ఆపోల్డ్ అనే ఆయన వంపు రెక్కల పంపు పెట్టాడు. పెట్టిన శక్తిలో 68 వంతుల పని తిరిగొచ్చింది. తిన్నటి రెక్కలతో అయితే పాతిక వంతులు కూడా రాలేదు. కాస్త వంగితే పని సులువవుతుందన్నది ఇనుముకీ వర్తిస్తుందన్నమాట!

మా చెల్లెలు మోటారు ఇరుసుని వెనకనించి పానాతో కదలకుండా పట్టుకుని, రెక్కల చక్రాన్ని మరలా తిప్పి తీసింది. దాని వెనకాల ఉంది అసలు నేరస్థురాలు, రూపాయి బిళ్లకన్నా కాస్త పెద్దదైన సీలు.

ఇక్కడే కథంతా ఉంది. మోటారు పొడిగా ఉండాలి. రెక్కల చక్రం నీళ్లలో ఉండాలి. రెంటినీ కలిపే ఇరుసు ఒక రంధ్రంలోంచి దూరాలి. ఆ రంధ్రం బిగిస్తే ఇరుసు తిరగదు, వదులు చేస్తే నీరు కారుతుంది. సంసారంలో మనం రోజూ పడే అవస్థే ఇది. రెండువేల ఏళ్లకి పైగా పంపులు చేసినవాళ్లంతా ఈ కారుడుతోనే కుస్తీ పట్టారు. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో క్తేసిబియస్ అనే మంగలివారబ్బాయి గొట్టంలో దిమ్మ ఆడించి నీళ్లు పైకి కొట్టే పంపు చేశాడు. ఆ దిమ్మ గొట్టానికి ఎంత అతికినట్టుంటే నీరు అంత తక్కువ కారేది. మన ఊళ్లలో చేతిపంపుకి తోలు వాషరు ఉండేది గుర్తుందా? వేసవిలో అది ఎండిపోతే ఎంత కొట్టినా నీళ్లు రావు. పైనుంచి చెంబుడు నీళ్లు పోసి తోలు నానబెడితేగాని పంపు పలకదు. ఇచ్చి పుచ్చుకోవడమంటే అదే.

తిరిగే ఇరుసుల కాలం వచ్చాక చుట్టూ కొవ్వు రాసిన తాడు కూరి బిగించేవారు. పొలాల్లో మోటార్లకి గ్లాండు తాడు వెయ్యడం ఇప్పటికీ చూడొచ్చు. దాని ధర్మం విచిత్రం. బొత్తిగా కారకూడదని బిగించామా, ఒరుసుకుని కాలిపోతుంది. ఒక్కో బొట్టు కారుతుంటేనే చల్లగా ఉంటుంది. అంటే కాస్త కారడం దాని ఆరోగ్యం! ఇరవయ్యో శతాబ్దంలో ఆ తాడు స్థానంలోకి వచ్చింది ఈ సీలు. అద్దంలా నున్నగా అరగదీసిన రెండు వలయాలు. ఒకటి పింగాణీ వంటిది, ఒకటి పెన్సిలు ముల్లు జాతి బొగ్గుది. ఒకటి కదలదు, రెండోది ఇరుసుతో పాటు తిరుగుతుంది. వెనక చిన్న స్ప్రింగు రెంటినీ ఒత్తి పట్టుకుంటుంది. మధ్యలో కంటికి కనపడని పల్చటి నీటిపొర, అదే వాటికి నూనె. తొట్టిలో నీళ్లు తగ్గి పంపు పొడిగా తిరిగిందా, ఆ పొర ఆరిపోయి, వేడెక్కి, వలయం పగులుతుంది. చెల్లెలింట్లో జరిగింది అదే. నీళ్లు తగ్గినా ఎవరూ చూసుకోలేదు.

కొత్త సీలు పెట్టేటప్పుడు ఆ నున్నటి ముఖాన్ని వేలితో తాకకూడదట. వేలి జిడ్డు, ఇసుక నలుసు చాలు పాడుచెయ్యడానికి. రబ్బరు జారడానికి నేను కొబ్బరినూనె సీసా తెస్తే మా చెల్లెలు కళ్లెర్రజేసింది. నూనె వద్దు, సబ్బు నీళ్లు చాలట. పసిపిల్ల మొహం తుడిచినట్టు మెత్తటి గుడ్డతో తుడిచి, సీలు రెండు సగాల్నీ వాటి చోట్లలో కూర్చోబెట్టింది.

బోల్టులన్నీ బిగించి, కవాటాలు తెరిచి, కరెంటు వేశాం. పంపు పాట అందుకుంది. ఇద్దరం సంబరంగా చూస్తుంటే కింద మళ్లీ బొట్టు!

మా చెల్లెలి మొహం చూడలేకపోయాను. చేతులకి మసి, మోకాలికి గీరుడు. “ఆ మనిషి చెప్పిందే నిజమేమో” అని అక్కడే చతికిలబడింది.

ఆ రాత్రి నేను చదువుతున్న చోటు నుంచి మిగతా కథ చెప్పాను. అన్నదమ్ముల్లో చివరివాడు కాందిదో. అతని చిన్నకొడుకు కెన్నెత్ 1941లో పుట్టాడు. పసితనంలోనే కీళ్లవాతం పట్టుకుంది. చేతులూ కాళ్లూ ముడుచుకుపోయే బాధ. ఆసుపత్రిలో వేడినీళ్ల తొట్టిలో దింపి, నీరు సుళ్లు తిరిగేలా చేసేవారు. ఆ కాసేపు పిల్లవాడికి హాయిగా ఉండేది. కానీ ఎన్నిసార్లని తీసుకెళ్తారు? పిల్లల్ని చంకనేసుకుని ఆసుపత్రుల చుట్టూ తిరిగిన తల్లికి ఆ ప్రశ్న అర్థమవుతుంది. ఇంట్లో పంపులు చేసే నాన్న ఉన్నాడాయె. 1940ల చివర్లో కాందిదో బావుల పంపు విద్యనే చిన్నది చేసి, ఇంటి స్నానాల తొట్టిలో దించగలిగే పంపు తయారుచేశాడు. గాలి కలిసిన నీటిని అది సుళ్లుగా చిమ్మేది. మొదటి గిరాకీ సొంత కొడుకే.

1956లో జె-300 అనే పేరుతో అది బజారులోకి వచ్చింది. విలాసానికి కాదు, రోగులకి ఉపశమనం కోసం. ఆ రోజుల్లో అమెరికా టెలివిజన్లో ‘క్వీన్ ఫర్ ఎ డే’, ఒక్కరోజు మహారాణి, అని ఒక కార్యక్రమం వచ్చేది. మామూలు గృహిణులు వచ్చి తమ కష్టాలు చెప్పుకునేవారు. ఎవరి కష్టానికి ఎక్కువ చప్పట్లు పడితే వాళ్లకి కిరీటం, బహుమానాలు. ఆ బహుమానాల్లో ఈ పంపు కూడా ఉండేది, చాకిరీతో అలిసిపోయిన ఇల్లాళ్ల కోసం. ఇది చదివి నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు. నడుంనొప్పి తగ్గే నాలుగు సుళ్ల నీళ్ల కోసం మన బాధ అందరికన్నా పెద్దదని ఊరందరి ముందు రుజువు చేసుకోవాలన్నమాట. అయినా ఎవరో ఒకరికి ఆడవాళ్లు అలిసిపోతారని తట్టింది, అంతవరకు సంతోషం.

1968లో మూడో తరంవాడు రాయ్ జకూజీ ఆ పంపునీ చిమ్మే మూతుల్నీ తొట్టి గోడల్లోనే అమర్చాడు. దానికి రోమన్ బాత్ అని పేరు పెట్టారు. అదే కాలంలో కాలిఫోర్నియా కుర్రకారు పాత ద్రాక్షసారా చెక్కపీపాల్లో వేడినీళ్లు నింపుకుని పెరళ్లలో కూర్చోవడం మొదలెట్టారు. రెండూ కలిసి వేడినీళ్ల తొట్టి గొప్పింటి లక్షణమైపోయింది. 1979లో కుటుంబం కంపెనీని అమ్మేసుకుంది. ఇంటిపేరు మాత్రం తొట్టికి ఉండిపోయింది. కీళ్లనొప్పుల పిల్లవాడు పెరిగి పెద్దవాడై, 2005లో తండ్రి కథ పుస్తకంగా తెచ్చాడు.

అంతా విని అత్తగారు ఒకే ప్రశ్న వేశారు. “ఆరుగురు ఆడపిల్లలన్నావు, వాళ్లేమయ్యారు?”

నా దగ్గర జవాబు లేదు. కంపెనీ పేరు ‘జకూజీ బ్రదర్స్’. అన్నదమ్ముల పేరే అది. ఆడపిల్లల ఇంటిపేరు పెళ్లితో మారిపోయే లోకంలో తొట్టి మీద వాళ్ల పేరు ఎలా ఉంటుంది? విమానాలు వద్దన్న తెరేసా మాట లేకపోతే ఆ పంపూ లేదు, ఈ తొట్టీ లేదు. ఆవిడ పేరూ ఎక్కడా లేదు.

మర్నాడు పొద్దున్న నేను లేచేసరికి అత్తగారు పంపు దగ్గర వంగుని ఉన్నారు. చేతిలో ముగ్గు డబ్బా. పంపు కిందా గొట్టాల కిందా పల్చగా ముగ్గుపిండి చల్లారు. “మా ఇంటి పెంకులు కారినప్పుడు ఇలాగే చూసేదాన్నమ్మా. తడి పాకిన చోటు కాదు, పుట్టిన చోటు తెలియాలి” అన్నారు. పది నిమిషాలు చూశాం. సీలు కింద పిండి పొడిగా తెల్లగానే ఉంది. గొట్టం మర కింద ఒక్కచోట మాత్రం చిన్న తడి చుక్క పడింది. మా చెల్లెలు మళ్లీ కరెంటు కట్టి, ఆ మర విప్పి చూస్తే, లోపలి రబ్బరు కట్టు గాడిలోంచి జారి ఒక పక్క నలిగి ఉంది. సీలు తప్పేం లేదు! కట్టు సరిచేసి బిగించింది. ముగ్గు మీద మళ్లీ తడి పడలేదు.

ఆ సాయంత్రం నీటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసి, బి.పి. మాత్ర వేసుకున్నారా అని అడిగి, అత్తగారిని చెరో చెయ్యీ పట్టుకుని దింపాం. ఆవిడ కళ్లు మూసుకున్నారు. కాసేపటికి, “ఆ పిల్లాడికి కూడా ఇలాగే ఉండేదేమో పాపం” అన్నారు.

నేను పెరట్లోంచి లోపలికొస్తూ ముగ్గు డబ్బా తీసి అలమారులో పెట్టబోయాను. మా చెల్లెలు వారించింది. “అక్కడొద్దక్కా. పానాలూ స్క్రూడ్రైవర్లూ ఉన్న పెట్టెలో పెట్టు.”